ఏనాటి మన్నా ఆనాడే

మా సంఘంలో పెరిగి, పెళ్లయ్యాక న్యూజెర్సీలో స్థిరపడిన ఒక సోదరి మార్చి చివర్లో ఫోన్ చేశారు. "అయ్యగారూ, మేలో మా అమ్మాయికి ఏపీ సైకాలజీ పరీక్ష. 5 రావాలని ప్రార్థించండి" అన్నారు.

ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికాలో హైస్కూలు పిల్లలు కాలేజీ స్థాయి పాఠాలు ముందుగానే చదివి, మే నెలలో కాలేజ్ బోర్డు పెట్టే పరీక్ష రాస్తారు. స్కోరు 1 నుంచి 5 వరకు. చాలా కాలేజీలు 3 వస్తే క్రెడిట్ ఇస్తాయి, కొన్ని 4 గానీ 5 గానీ అడుగుతాయి. ఆ మేరకు ఒక కోర్సు, దాని ఫీజు తప్పవచ్చు. తల్లి ఆరాటంలో తప్పేమీ లేదు.

ప్రార్థించాము. అమ్మాయి ఎలా చదువుతోందని అడిగితే, ఇంకా మొదలుపెట్టలేదట. ఆఖరి వారం రాత్రుళ్లు మేలుకుని పూర్తి చేస్తుందట! మాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. జ్ఞాపకశక్తి ఆ పరీక్షలోనే ఒక పాఠం మరి. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో లెక్కకట్టి 1885లో ప్రచురించాడు. ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే కలిగిన మేలు, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లెవేసినా దాదాపు కలిగిందట.

నిర్గమకాండము 16వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులకు మనిషికొక ఓమెరు చొప్పున ఏ రోజు మన్నా ఆ రోజే కూర్చుకొమ్మన్నాడు. మర్నాటికి మిగుల్చుకున్నవారిది పురుగుపట్టి కంపుకొట్టింది. నెలకు సరిపడా ఒక్కసారే కురిపించడం దేవునికి చేతకాక కాదు. సెమినరీలో గ్రీకు పరీక్షకు మేమూ ఒక్క రాత్రిలో కుప్పపోసుకున్నవాళ్లమే. తెల్లారేసరికి క్రియాపదాలు ఒక్కటీ మిగల్లేదు.

పరీక్షల కాలంలో మాకు వచ్చే ప్రార్థన మనవులన్నీ మార్కుల కోసమే. రోజూ పుస్తకం ముందు కూర్చునే ఓపిక ఇమ్మని అడిగినవారు బహు అరుదు. అడగమని మేమూ ఎన్నడూ నేర్పలేదు, ఆ లోపం మాది.

మర్నాడు మేమే ఫోన్ చేశాము. ఉన్నవి ఐదు యూనిట్లు, చేతిలో ఆరు వారాలు. రోజుకు అరగంట చాలు. నిన్నటి పాఠం పుస్తకం మూసి అప్పజెప్పాకే ఇవాళ్టిది తెరవాలి. ఆదివారం సెలవు. రాత్రి పదికి దీపం ఆర్పేయాలి. అక్కడ పదంటే ఇక్కడ ఉదయం ఏడున్నర, ఆ వేళకు మేము ప్రార్థనలో ఉంటామని మాట ఇచ్చాము.

"అయితే 5 వస్తుందంటారా అయ్యగారూ?" అని ఆమె మళ్లీ అడిగారు.