పిల్లులకు పంక్తి భోజనం పనికిరాదు

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి సమాసాల పాఠం మధ్యలో చెయ్యెత్తి అడిగిన ప్రశ్న ఇది: "మేడమ్, మా ఇంట్లో మూడు పిల్లులు. ఒకటి ఆరు కిలోలు దాటింది. మిగతా రెండూ సన్నగా ఉన్నాయి. తిండి తగ్గిస్తే సన్నవి మాడిపోతాయి. తగ్గించకపోతే లావుది ఇంకా లావవుతుంది. ఏం చేయాలి?"

సమాసాల సంగతి తర్వాత చూసుకోవచ్చు గానీ, ఇది మంచి ప్రశ్న. మన క్వార్టర్స్ పిల్లలకు బాగా తెలిసిన ప్రశ్న కూడా. (పిల్లలకు, పిల్లులకు మధ్య ఒక్క కొమ్మే తేడా. మీ వ్యాసాల్లో "మా పక్కింట్లో ఇద్దరు పిల్లులు బడికి వెళ్తారు" అని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఈ వ్యాసం మాత్రం పిల్లుల గురించే.) మనం ఒక పిల్లిని వెంట తెచ్చుకుంటాం. కొత్త క్వార్టర్ తాళం తీసేసరికి మెట్ల కింద ఇంకోటి ఉంటుంది. ముందున్నవాళ్ళు పెట్టిన అన్నానికి అలవాటుపడి అక్కడే ఉండిపోయినది. వానాకాలంలో ఒక కూన వచ్చి చేరుతుంది. అలా మూడవుతాయి. మూడింటికీ కలిపి ఒక పెద్ద గిన్నె పెడతాం, అది ఖాళీ అయినప్పుడల్లా నింపుతాం.

చిక్కంతా ఆ గిన్నెలోనే ఉంది.

మనకు పంక్తి భోజనం అంటే ఆప్యాయత. అందరూ వరసగా కూర్చుంటారు, అందరికీ ఒకేసారి వడ్డిస్తారు, పక్క విస్తట్లో ఏం తక్కువైందో మనమే చూసి వడ్డించేవాళ్ళను పిలుస్తాం. పిల్లుల కథ వేరు. ఇంటి పిల్లి పూర్వీకులు ఎడారులలో, గడ్డి నేలలలో ఒంటరిగా వేటాడిన అడవి పిల్లులు. వాటి బంధువులు ఇప్పటికీ రాజస్థాన్ థార్ ఎడారిలో, గుజరాత్ కచ్ ప్రాంతంలో ఉన్నాయి. ఇసుక రంగు ఒంటిమీద నల్ల చుక్కలతో ఉంటాయి. బికనేర్, జైసల్మేర్ వైపు ఉన్న మీలో ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు కనబడవచ్చు. సింహాల గుంపు ఒక పెద్ద జంతువును చంపి కలిసి తింటుంది. ఈ పిల్లి పట్టేది ఒక చిన్న ఎలుక. దానిలో ఉండేది సుమారు 30 కేలరీలు. పంచుకుంటే ఎవరికీ చాలదు. అందుకే ఒంటరిగా పట్టి, ఒంటరిగా తిని, కాసేపు పడుకుని, మళ్ళీ ఇంకో ఎలుక కోసం బయలుదేరుతుంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలనుకుంటే, ఏడెనిమిది చిన్న చిన్న భోజనాలన్నమాట.

మన ఇంట్లో పిల్లులు ఒకదానిమీద ఒకటి పడుకున్నా, ఒకదాన్నొకటి నాకినా, తిండి దగ్గర ఆ పాత స్వభావం పోదు. అది పోట్లాట రూపంలో కనబడదు కాబట్టి మనకు తెలియదు. ఒక పిల్లి వంటింటి గుమ్మంలో అడ్డంగా పడుకుంటుంది. ఇంకోటి దూరం నుంచి చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. "దానికి ఆకలిగా లేదులే" అనుకుంటాం. నిజానికి అది దారి లేక వెళ్ళిపోయింది. ఇంకో సంగతి: లావుగా ఉన్నదే ఎప్పుడూ దౌర్జన్యం చేస్తుందని కూడా అనుకోవద్దు. మళ్ళీ దొరుకుతుందో లేదోనన్న భయంతో గబగబా మింగేసే పిల్లి కూడా లావెక్కుతుంది. కాబట్టి ఒక ఇంట్లో ఒక పిల్లి లావు, ఒకటి సన్నం అంటే అవి రెండు సమస్యలు కాకపోవచ్చు. ఒకే గిన్నెకు రెండు వైపులు కావచ్చు.

ముందు, అది నిజంగా లావేనా అని చూడాలి. కింది పొట్ట దగ్గర వేలాడే చర్మాన్ని చూసి చాలామంది లావు అనుకుంటారు. ఆ సంచిలాంటి చర్మం సన్నని పిల్లులకు కూడా ఉంటుంది, అది మామూలే. చూడవలసింది పక్కటెముకలు. మీ చేతినే కొలబద్దగా వాడవచ్చు. పిడికిలి బిగించి కణుపుల మీద రెండో చేతి వేళ్ళు పోనివ్వండి: పిల్లి పక్కటెముకలు అలా గట్టిగా తగిలితే అది మరీ బక్కది. చెయ్యి చాపి వెనక వైపు తడమండి: అలా తగిలితే సరిగ్గా ఉంది. అరచేతి వైపు తడిమినట్టు మెత్తగా ఉండి ఎముక దొరకకపోతే కొవ్వు పట్టింది. పై నుంచి చూస్తే నడుము దగ్గర కొంచెం లోపలికి వంపు ఉండాలి. పశువైద్యులు ఇదే పరీక్షను 1 నుంచి 9 వరకు మార్కులతో చేస్తారు. అందులో 5 వస్తే ఫస్ట్ క్లాస్, 9 వస్తే ఫెయిల్. మన బడి మార్కులతో పోల్చుకోకండి.

ఆరు కిలోలే కదా అనిపించవచ్చు. నాలుగు కిలోలు ఉండవలసిన పిల్లికి ఒక కిలో ఎక్కువంటే, 60 కిలోల మనిషి 15 కిలోలు అదనంగా మోయడంతో సమానం. అది పగలూ రాత్రీ దించలేని బరువు. లావు పిల్లులకు షుగరు జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. కీళ్ళ నొప్పులు వస్తాయి. నడుము వెనక భాగం నాకి శుభ్రం చేసుకోలేక బొచ్చు అట్టలు కడుతుంది. క్వార్టర్స్ గోడ మీదికి ఒక్క గెంతులో ఎక్కలేని పిల్లికి వీధికుక్క ఎదురైతే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

అందుకని రెండు రోజులు పస్తు పెడదాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుంచుకోండి. లావు పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ఒంట్లో ఉన్న కొవ్వు ఒక్కసారిగా కాలేయంలోకి చేరుతుంది. పిల్లి కాలేయం అంత కొవ్వును తట్టుకోలేదు, పనిచేయడం మానేస్తుంది. సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఒక రోజంతా పూర్తిగా తిండి ముట్టని పిల్లిని, ముఖ్యంగా లావు పిల్లిని, మర్నాటి కోసం చూడకుండా డాక్టరుకు చూపించాలి.

బరువు తగ్గడం నెమ్మదిగా జరగాలి. వారానికి ఒంటి బరువులో 1 శాతం దగ్గర ఉంటే మంచిది, 2 శాతం దాటకూడదు. ఆరు కిలోల పిల్లికి 1 శాతం అంటే 60 గ్రాములు. నాలుగున్నర కిలోలకు రావాలంటే 1500 గ్రాములు తగ్గాలి. 60తో భాగిస్తే 25 వారాలు. ఆరు నెలల పని. మామూలు తూకం మీద 60 గ్రాములు కనబడవు. అదృష్టవశాత్తూ బదిలీల ఇళ్ళలో సూట్‌కేసులు తూచే కొక్కెం తూకం ఉంటుంది. మూత ఉన్న గట్టి బుట్టలో పిల్లిని పెట్టి తూచి, ఖాళీ బుట్ట బరువు తీసేయండి. ప్రతి ఆదివారం ఉదయం, తిండికి ముందు, మూడు పిల్లులనూ తూచి నోటుబుక్కులో రాయాలి. మూడింటినీ ఎందుకంటే, లావుది తగ్గుతున్నప్పుడు సన్నవి కూడా తగ్గిపోతున్నాయేమో తెలియాలి కదా. బాగా తింటూనే చిక్కిపోతున్న పిల్లి ఉంటే దానికి వేరే జబ్బు ఉండవచ్చు, చూపించాలి. పొట్ట పెరిగింది లావు వల్లేనా, కూనలున్నాయా, నీరు చేరిందా, పురుగులా అన్నది కూడా మొదట్లోనే డాక్టరు చూసి చెబుతారు.

ఇక తిండి. బజారులో దొరికే పిల్లుల పొడి తిండి 100 గ్రాములలో సుమారు 350 నుంచి 400 కేలరీలు ఉంటాయి. అంటే నాలుగు కిలోల పిల్లికి రోజుకు 50, 55 గ్రాములే చాలు. తాతగారు పోతూ పోతూ వేసే చిన్న గుప్పెడు 10 గ్రాములు ఉంటుంది. అది దాని రోజు భోజనంలో దాదాపు ఐదో వంతు. అమ్మ ఒక గుప్పెడు, మీరు బడి నుంచి వచ్చాక ఒక గుప్పెడు, నాన్న రాత్రి ఒక గుప్పెడు. "నేను కొంచెమే పెట్టాను" అని అందరూ నిజమే చెబుతారు. అందుకే ఉదయాన్నే వంటింటి తూకం మీద తూచి, ఒక్కో పిల్లికి ఒక్కో డబ్బాలో ఆ రోజు వాటా వేసి, పేరు రాసి పెట్టండి. ఎవరు పెట్టినా ఆ పిల్లి డబ్బాలోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయ్యిందంటే ఆ రోజుకు అయిపోయినట్టే. లావు పిల్లి వాటా ఎంతో డాక్టరును అడగాలి. ప్యాకెట్టు మీద పట్టిక చూస్తే ఇప్పుడున్న బరువు దగ్గర కాదు, ఉండవలసిన బరువు దగ్గర చూడాలి. కూనలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పిల్లులకు ఆకలి పెరుగుతుంది, కావలసిన కేలరీలు తగ్గుతాయి. ఆపరేషన్ మంచిదే, వాటా మాత్రం మారాలి.

పాల మాట వస్తే మీకందరికీ తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ గుర్తొస్తుంది. ఊళ్ళో అందరి పిల్లులూ రాయలవారిచ్చిన ఆవుపాలు తాగి బొద్దుగా తయారైతే, రామకృష్ణుడి పిల్లి పాలు చూడగానే పారిపోయింది. వేడి పాలతో మూతి కాల్చడం ఏమాత్రం మంచి పని కాదు గానీ, పాలు తాగని పిల్లికి నష్టమేమీ లేదు. పెద్ద పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. పైగా 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 65 కేలరీలు ఉంటాయి, అంటే రోజు భోజనంలో మూడో వంతు. నీళ్ళు చాలు. తీపి రుచి కూడా పిల్లులకు తెలియదు. ఆ రుచిని గుర్తించే జన్యువు వాటిలో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మీ చేతిలో లడ్డూ వైపు ఆశగా చూస్తోందంటే అది నేతి వాసన కోసం.

తగ్గించమన్నారు కదా అని చేపలూ మాంసమూ మానిపించి పెరుగన్నంతో సరిపెట్టకూడదు. పిల్లి తప్పనిసరిగా మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి మాంసం నుంచే రావాలి. అది లేకపోతే కంటి చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. మీ ఇంట్లో శాకాహారమే అయితే, పిల్లుల కోసమే తయారైన ప్యాకెట్టు తిండి ఉంటుంది. మనం తినే కూరలు పెట్టవద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం.

ఇప్పుడు అసలు పని: పంక్తి చెదరగొట్టడం. ఒక్క రోజులో వద్దు. వారం పది రోజులలో మెల్లగా ఎప్పుడూ నిండుగా ఉండే గిన్నె తీసేసి, రోజుకు మూడు నాలుగు వేళలకు మార్చాలి. బడికి వెళ్ళే ముందు, వచ్చాక, చీకటిపడ్డాక, పడుకునే ముందు. రెండు గదుల క్వార్టర్‌లో కూడా మూడు చోట్లు దొరుకుతాయి: వంటిల్లు, బాల్కనీ, పడకగది. తలుపులు వేసి 20 నిమిషాలు ఆగి, మిగిలింది తీసి అదే డబ్బాలో వేయాలి. తలుపులు చాలని ఇంట్లో ఎత్తు ఉపయోగపడుతుంది. సన్నపిల్లి పళ్ళెం బీరువా మీద పెడితే అది ఒక్క గెంతులో ఎక్కుతుంది, లావుది కింద నుంచి చూస్తుంది. ఇంకో ఉపాయానికి మన ఇళ్ళలో సామగ్రి ఎప్పుడూ సిద్ధమే: సామాను వచ్చిన అట్టపెట్టె. సన్నపిల్లి దూరేంత, లావుది దూరలేనంత కంత కోసి పళ్ళెం లోపల పెట్టండి. లావుది తల దూర్చి ఇరుక్కుంటుందేమో మొదటి రెండు రోజులూ పక్కనే ఉండి చూడాలి. విదేశాలలో పిల్లి ఒంట్లోని మైక్రోచిప్‌ను గుర్తుపట్టి దానికి మాత్రమే తెరుచుకునే గిన్నెలున్నాయి. ఖరీదు చాలా ఎక్కువ, అట్టపెట్టె ఉచితం.

ఆటలు కూడా కొంత సాయం చేస్తాయి. ప్లాస్టిక్ సీసాకు చిల్లులు పెట్టి దాని వాటా తిండి అందులో వేస్తే, దొర్లించి దొర్లించి తింటుంది. దారంతో ఆడిస్తే ఆట అయ్యాక దారం దాచేయండి, మింగితే ప్రమాదం.

నెలలు లెక్కపెట్టేటప్పుడు బదిలీ సంగతి మరిచిపోవద్దు. ఆర్డర్లు వచ్చాక ఇల్లంతా పెట్టెలమయం అవుతుంది. పిల్లులకు వస్తువుల కన్నా చోటు ముఖ్యం కాబట్టి, చాలావాటికి ఆ కలతలో తిండి సహించదు. లావు పిల్లి తినకపోవడం ఎంత ప్రమాదమో పైన చెప్పుకున్నాం. కాబట్టి ప్రయాణానికి రెండు వారాల ముందు, తర్వాత రెండు వారాలు తగ్గించే పని ఆపేయాలి. బరువు పెరగకుండా ఉంటే చాలు. కొత్త ఇంట్లో మొదట ఒక్క గదిలో ఉంచి, పాత పళ్ళెం, పాత దుప్పటి, పాత తిండి ఇవ్వాలి. ప్రతి పూటా ఎంత తిన్నదో చూడాలి. బరువుల నోటుబుక్కు మీ టీసీతో పాటు చేతిసంచిలో పెట్టుకోండి, కొత్త ఊరి డాక్టరుకు ఉపయోగపడుతుంది.

"ఎవరో ఒకరు పెడతార్లే" అని క్వార్టర్‌లోనే వదిలేసి వెళ్ళడం మాత్రం నేను చాలా కాలనీలలో చూశాను. ఇంటి తిండికి అలవాటై, ఒళ్ళు బరువెక్కి, వేట మరిచిన పిల్లి కొత్తవాళ్ళు వచ్చేదాకా తాళం ముందు కూర్చుంటుంది. పెంచిన జంతువును ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. తీసుకెళ్ళలేకపోతే, పెట్టెలు కట్టడానికి ముందే దానికి ఒక ఇల్లు చూడాలి. ఆ ఇంటివాళ్ళకు డబ్బా కొలత చెప్పి మరీ అప్పగించాలి.

ఆరు నెలల తర్వాత అంతా సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి తూకం కన్నా ముందు బీరువాయే చెబుతుంది. ఒక రోజు సన్నపిల్లి పళ్ళెం దగ్గర రెండు తోకలు కనిపిస్తాయి. అప్పుడిక బీరువా పనికిరాదు. ఆ సన్నపిల్లి పళ్ళేనికి ఇంకో చోటు వెతకండి.