కాలేయం కోస్తే నెత్తురెలా ఆగుతుంది?

మొన్న ఉగాదికి హోసూరులో పచ్చడి పంచుతుండగా ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. ఆయన భార్యకు కాలేయంలో గడ్డ తీశారు. "నాలుగు చిల్లులతో అయిపోతుందన్నారమ్మా. తీరా చూస్తే జానెడు కోత! చెప్పిందొకటి, చేసిందొకటి" అన్నారు కోపంగా. ఆ ఆపరేషన్‌లో నేను లేను. అయినా మత్తు డాక్టరుగా ఇలాంటివి చూసినదాన్ని కనుక ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

కాలేయంలోకి నిమిషానికి సుమారు లీటరున్నర నెత్తురు వస్తుంది. అందులో ముప్పాతిక పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా, మిగతాది ధమని ద్వారా. ఈ రెండూ ఒకే కాడలోంచి లోపలికి వెళతాయి. ఆ కాడను నొక్కిపట్టి నెత్తురు ఆపవచ్చని 1908లో గ్లాస్గో సర్జన్ ప్రింగిల్ రాశారు. ఆయన చూసినవి గాయాలతో కాలేయం చితికిన కేసులు. కెమెరా ఆపరేషన్‌లో లోపల వేళ్లు పెట్టే వీలుండదు. అందుకని కాడ చుట్టూ నూలు పట్టీ తిప్పి, కొసలను ఒక గొట్టంలోంచి లాగి, సంచి మూతి బిగించినట్టు బిగిస్తారు. మామూలుగా పదిహేను నిమిషాలు బిగింపు, అయిదు నిమిషాలు వదులు. గడియారం చూసి చెప్పడానికి ఒక మనిషి ఉండాలి.

అయితే ఇది లోపలికి వచ్చే నెత్తురుకే అడ్డుకట్ట. కాలేయం నుంచి గుండె వైపు పోయే పెద్ద సిరలు చిరిగితే నెత్తురు వెనక్కి తన్నుకొస్తుంది. కాడ ఎంత బిగించినా అది ఆగదు. అక్కడ పని మాది. కోత పూర్తయ్యేదాకా సెలైన్ బిగబట్టి ఇస్తాం, ఆ సిరల్లో ఒత్తిడి 5 మిల్లీమీటర్ల లోపు ఉండేలా చూస్తాం. బి.పి. పడితే సెలైన్ ఎక్కించమని చదువుకున్న చేతులకు ఈ నిగ్రహం అంత తేలిగ్గా రాదు!

పొట్టను ఉబ్బించే కార్బన్ డయాక్సైడ్ కూడా సాయపడుతుంది. దాని ఒత్తిడి సుమారు 12 మిల్లీమీటర్లు, సిరలో ఒత్తిడి కంటే ఎక్కువ. కాబట్టి చిరిగిన సిరను అదే అదిమిపెడుతుంది. కానీ అదే చిరుగులోంచి వాయువు నెత్తురులోకి దూరి గుండెకు చేరవచ్చు కూడా. కొద్దిగా అయితే కరిగిపోతుంది, ఎక్కువైతే ప్రాణం మీదికే వస్తుంది. రోగి వదిలే ఊపిరిలో ఆ వాయువు అంకె హఠాత్తుగా పడిపోయిందా అని నా కళ్లు మానిటర్ మీదే ఉంటాయి. అంటే నెత్తురు కారకుండా మేము తగ్గించిన ఒత్తిడే ఈ ప్రమాదానికి దారి తీయవచ్చు. రెండింటి మధ్యనే మా నడక.

ఇక కోయడం కత్తితో కాదు. అల్ట్రాసౌండ్ పరికరం మెత్తని కండను చెదరగొట్టి నాళాలను మిగులుస్తుంది. చిన్నవాటిని వేడితో మూసి, పెద్దవాటికి క్లిప్పులు, మరీ పెద్దవాటికి స్టేప్లర్ వేస్తారు. సిర చిరిగితే మొదట గాజుగుడ్డతో అదిమి కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి. కనపడని చోట గుడ్డిగా క్లిప్పు వేస్తే చిరుగు పెద్దదవుతుంది. పైగా నెత్తురు వెలుగును మింగేస్తుంది, తెర మసకబారుతుంది. అప్పటికీ ఆగకపోతే పొట్ట తెరవడమే దారి. 2008లో అమెరికాలోని లూయీవిల్‌లో కూడిన నిపుణులు, అలా తెరవడం ఓటమి కాదు, వివేకమని తేల్చారు.

మర్నాడు పెద్దాయన ఫైలు పట్టుకొచ్చారు. సిర చిరిగినందువల్ల తెరిచామని ఆపరేషన్ కాగితంలో ఉంది. అవసరమైతే తెరుస్తామన్న వాక్యం సమ్మతి పత్రంలోనూ ఉంది, తమిళంలో, ఇంగ్లీషులో. ఆయన చదివింది తెలుగు బడిలో. కింద ఆయన తెలుగు సంతకం.

"ఎవరైనా చదివి చెప్పారా?" అన్నాను.

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారమ్మా" అన్నారు.