చెయ్యెత్తి బండి ఆపితే...

నల్లగొండ గడియారం సెంటర్‌లోనో, జడ్చర్ల చౌరస్తాలోనో పోలీసు చెయ్యెత్తాడంటే బండి మీది మనిషి గుండె ఝల్లుమంటుంది. కాగితాలన్నీ సరిగా ఉన్నా అంతే. ఒకరు హ్యాండిల్ తిప్పి సందులోకి దూరుతారు. ఇంకొకరు "సార్, ఊరికి పోవాలె సార్" అని బతిమాలుతారు. మరొకరు తెలిసిన నాయకుడికి ఫోన్ కలుపుతారు. ఆ కొద్ది నిమిషాల్లో ఎవరి అధికారం ఎక్కడిదాకానో తెలియకపోవడం వల్లే ఈ కంగారంతా.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 130వ సెక్షన్ ఉంది. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్స్ చూపించి తీరాలి. "యూనిఫాంలో" అన్న మాట ఆ సెక్షన్‌లోనే ఉంది. ఇక ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలు సీటు కింద పెట్టుకుని తిరిగి, వానకు తడిపి పాడుచేసుకునే అవసరం ఇప్పుడు లేదు. తెలంగాణ రవాణా శాఖ 2016లోనే ఎం-వాలెట్ యాప్ తెచ్చింది. డిజీలాకర్, ఎం-పరివాహన్‌ యాప్‌లలో ఉన్న పత్రాలు అసలు పత్రాలతో సమానమని 2018లో కేంద్రం చెప్పింది. వాట్సాప్‌లో దాచుకున్న ఫొటోకు మాత్రం ఆ విలువ లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

2020 అక్టోబరు 1 నుంచి మరో నిబంధన వచ్చింది. వివరాలు ఆన్‌లైన్‌లో సరిపోలితే కాగితం చూపించమని పట్టుబట్టకూడదు. తనిఖీ చేసిన తేదీ, సమయం, అధికారి ఎవరన్నదీ ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావాలి. ఒకే బండిని మూడు చోట్ల మూడుసార్లు ఆపే బాధ తగ్గాలన్నదే దాని ఉద్దేశం.

లైసెన్స్ తీసేసుకుంటే? 206వ సెక్షన్ కింద కొన్ని కారణాలకు తీసుకోవచ్చు. కానీ రసీదు ఇవ్వాలి. లైసెన్స్ తిరిగి చేతికొచ్చేదాకా, లేదా రసీదులో రాసిన గడువుదాకా, దానితోనే బండి నడపవచ్చు. రసీదు అడగడం ఎదురుతిరగడం కాదు. అక్కడికక్కడే జరిమానా కట్టడం కూడా తప్పనిసరి కాదు. తప్పు చేయలేదనుకున్నవారు కోర్టులో చెప్పుకోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ జరిగేది రాత్రిపూట, మిషిన్‌లో ఊదమన్నప్పుడు. ఇది ఇష్టముంటే ఊదే వ్యవహారం కాదు. తాగినట్టు అనుమానించే కారణం ఉన్నప్పుడు ఊదనని మొండికేస్తే, వారెంట్ లేకుండానే అరెస్టు చేసే అధికారం 203వ సెక్షన్ ఇచ్చింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

మరి బండి సంగతి? పోలీస్ స్టేషన్ల ముందు తుప్పుపట్టిన బండ్ల గుట్టలు అందరూ చూసినవే. పాలక్యాన్లు వేసుకుని ఊళ్లు తిరిగేవారికి, పొద్దున్నే కూలీ అడ్డాకు చేరాల్సినవారికి ఆ బండే బువ్వ. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కె.లక్ష్మణ్ ఈ విషయంలో స్పష్టమైన ఆదేశాలిచ్చారు. తాగాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని పట్టి ఉంచే అధికారం పోలీసులకు లేదన్నారు. తాగినవారి చేతికి బండి ఇవ్వకూడదు. పక్కన తాగని, లైసెన్స్ ఉన్న మనిషి ఉంటే వారికి అప్పగించాలి. లేకపోతే బంధువులనో స్నేహితులనో పిలిపించాలి. ఎవరూ రానప్పుడే భద్రమైన చోట ఉంచి, ఆ తర్వాత ఆర్సీ చూపిన యజమానికి ఇచ్చేయాలి. ఈ తీర్పు సంగతి పల్లెల్లో ఎంతమందికి చేరింది? ఊరూరా చాటింపు వేయాల్సిన మాట ఇది.

పోలీసు బండి ఆపడమే తప్పన్నట్టు మాట్లాడటం మాత్రం సరికాదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది సజీవదహనమయ్యారు. ఆ తర్వాత ప్రైవేటు బస్సుల మీద తనిఖీలు ముమ్మరమయ్యాయి. ఫిట్‌నెస్, పర్మిట్ అడిగే అధికారిని విసుక్కునే ప్రయాణికులు ఆ తెల్లవారుజామును ఒక్కసారి తలచుకోవాలి.

కాబట్టి చెయ్యెత్తితే బండి పక్కకు తీసి ఆపాలి, ఇంజిన్ ఆపాలి. అడిగినవి చూపించాలి. అధికారిని తోయడం, చెయ్యి చేసుకోవడం లాంటివి చేస్తే చిన్న చలాన్ కాస్తా క్రిమినల్ కేసవుతుంది. అటువైపు నుంచి తిట్లు ఎదురైతే ఛాతీ మీది పేరు, చోటు, సమయం గుర్తుపెట్టుకుని ఎస్పీ కార్యాలయంలో ఫిర్యాదు రాసివ్వవచ్చు. రసీదు లేకుండా డబ్బు అడిగితే అవినీతి నిరోధక శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1064.