తేలని ప్రోటాన్ లెక్క

పిల్లలూ! శాలిబండ గల్లీల్లో బొంగరాలాట చూశారు కదా? చీకటి గదిలో ఒక బొంగరం తిరుగుతోందనుకోండి. ఎటు తిరుగుతోందో కంటికి కనబడదు. మరో బొంగరాన్ని తగిలించి, అది ఎటు ఎగిరిపడిందో చూస్తే కొంత తెలుస్తుంది. అణువులోని కణాల సంగతి తెలుసుకునే దారి కూడా సుమారుగా ఇదే.

కణాలకు ద్రవ్యరాశి ఉన్నట్లే 'స్పిన్' అనే గుణం కూడా ఉంది. బొంగరం కేవలం పోలిక. కణం నిజంగా గిరగిర తిరుగుతోందని అనుకోకండి.

మూసీకి ఆవల నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం గారు కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి వద్ద పరిశోధన చేశారు. వాయువుల అణువులు కాంతిని వెదజల్లినపుడు దాని కంపనాల దిశ ఎంత మారిందో కొలిచి, కాంతి కణమైన ఫోటాన్ స్పిన్ 1 అని 1931లో ఇద్దరూ ప్రకటించారు.

మరి ప్రోటాన్? దాని స్పిన్ 1/2. లోపల మూడు క్వార్కులు, ఒక్కొక్కదాని స్పిన్ కూడా 1/2. రెండు ఒకవైపు, ఒకటి ఎదురువైపు ఉంటే 1/2 + 1/2 − 1/2 = 1/2. లెక్క సరిపోయింది! కాని 1987లో యూరప్‌లోని సెర్న్ ప్రయోగం క్వార్కుల స్పిన్ల వాటా చాలా స్వల్పమని చూపింది. తరువాతి కొలతల్లోనూ అది మూడో వంతు దాటలేదు. మిగతాది ఎక్కడ?

క్వార్కులను బంధించే గ్లూవాన్లపై అనుమానం కలిగింది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో 3.8 కిలోమీటర్ల వలయంలో, స్పిన్లు ఒకే దిశకు తిప్పిన ప్రోటాన్లను 2001 నుండి ఎదురెదురుగా ఢీకొట్టించారు. పరుగులో ఆ స్పిన్లు చెదిరిపోవా? అందుకే 'సైబీరియన్ పాములు' అనే అయస్కాంతాలు సగం చుట్టుకొకసారి స్పిన్‌ను తలకిందులు చేసేవి. ఒక సగంలో వచ్చిన తప్పు రెండో సగంలో కొట్టుకుపోయేది!

రెండు పుంజాల స్పిన్ల అమరికను మార్చి మార్చి, ప్రతిసారీ ఎన్ని కణాలు వెదజల్లబడ్డాయో లెక్కించారు. గ్లూవాన్లకు వాటా లేకుంటే రెండు లెక్కలూ సమానంగా రావాలి. స్వల్పంగానైనా తేడా వచ్చింది. గ్లూవాన్లకూ వాటా ఉందని 2014లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. లోపలి కణాల కక్ష్యా చలనం వాటా ఎంతో ఇంకా తేలవలసి ఉంది.

ఆస్పత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం మన ఒంట్లోని నీటిలో ఉన్న ప్రోటాన్ల స్పిన్ ఆధారంగానే చిత్రం తీస్తుంది. రోజూ వాడుకుంటున్న స్పిన్‌కే లెక్క పూర్తి కాలేదు! జవాబు 1/2 అని తెలుసు. నడుమ మెట్లే రాయలేకపోయాం. మెట్లు లేని జవాబుకు నేను పూర్తి మార్కులు వెయ్యనని మా తరగతి పిల్లలకు బాగా తెలుసు.