పాత మోడల్ రైళ్లను కబాడీకి వేస్తున్నారా? ముందు ధర చూసుకోండి

టోలిచౌకి, మెహదీపట్నంలోని పాత ఇళ్లు ఖాళీ చేసి కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లకు మారేటప్పుడు అల్మారాల పైన ఏముందో బయటపడుతుంది. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో పని చేసి వచ్చిన అబ్బాజాన్ తెచ్చిన కరెంటు రైలు సెట్ అలాంటిదే. కొడుకు హైటెక్ సిటీలో ఉద్యోగం, ఫ్లాట్ చిన్నది. "పిల్లలకు ఇచ్చేద్దాం, లేదంటే కబాడీకి వేద్దాం" అంటారు. ఆ పెట్టె విలువ ఐదు వందలు కావచ్చు, యాభై వేలు కూడా కావచ్చు. అబ్బాజాన్ ఈ లోకంలో లేకపోతే ఆ పెట్టె ఒక్కరిది కాదు, వారసులందరిదీ.

ముందు పేరు చూడాలి. ఇంజన్ అడుగున, పెట్టె అంచున కంపెనీ పేరు, మోడల్ నంబర్ ఉంటాయి. మెర్క్‌లిన్ జర్మనీది, 1859లో మొదలైంది. లయొనెల్ 1900లో న్యూయార్క్‌లో పుట్టింది. ఇంగ్లాండ్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ 1920లో రైళ్లు మొదలుపెట్టి, 1938లో చిన్న సైజు 'డబ్లో' శ్రేణి తెచ్చింది. తర్వాత పట్టాల మధ్య దూరం స్కేలుతో కొలవండి. 32 మిల్లీమీటర్లు ఉంటే 'ఓ' గేజ్, 16.5 అయితే 'హెచ్‌ఓ' లేదా 'డబుల్ ఓ', 9 అయితే 'ఎన్'. కొనేవారు మొదట అడిగేది ఇదే.

పాతది కాబట్టి ఖరీదైనదే అనుకోవడం పెద్ద పొరపాటు. 1980లు, 90ల్లో వచ్చిన మామూలు స్టార్టర్ సెట్లు లక్షల్లో తయారయ్యాయి, వాటికి పెద్దగా గిరాకీ లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన రేకు బొమ్మలు, తక్కువ సంఖ్యలో తయారైన ఇంజన్లకే మంచి ధర. ఒరిజినల్ అట్టపెట్టె ఉంటే ధర బాగా పెరుగుతుంది. మన ఇళ్లలో అందరికంటే ముందు చెత్తబుట్టలోకి వెళ్లేది ఆ అట్టపెట్టే! రంగు వెలిసిందని కొత్త పెయింట్ వేస్తే ఉన్న ధర కూడా పడిపోతుంది. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు, సబ్బు నీళ్లు వద్దు. యుద్ధానికి ముందు పోతపోసిన జింక్ భాగాలు కొన్ని వాటంతట అవే పగిలి పొడి అవుతాయి. చక్రాలు, ఇంజన్ బాడీ మీద సన్నటి పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో చూడండి.

నడుస్తుందో లేదో చూద్దామని నేరుగా ప్లగ్‌లో పెట్టకండి. అమెరికా సెట్ల ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది. సౌదీలో కూడా అప్పట్లో చాలా ఇళ్లలో 127 వోల్టులే ఉండేవి. మన దగ్గర 230. పెట్టగానే కాలిపోతుంది. పాత మెర్క్‌లిన్ రైళ్లు ఏసీ కరెంటుతో, హార్న్‌బీ డబ్లో లాంటివి డీసీతో నడుస్తాయి, ఒకదాని కంట్రోలర్ ఇంకొకదానికి పెట్టకూడదు.

ఇక ధర. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవాళ్లు ఎంతైనా రాసుకుంటారు, అది వాళ్ల ఆశ మాత్రమే. ఈబేలో 'సోల్డ్ ఐటమ్స్' ఫిల్టర్ పెడితే నిజంగా ఎంతకు అమ్ముడైందో కనిపిస్తుంది. అదే మోడల్ నంబర్, అదే కండిషన్ ఉన్నవి నాలుగైదు చూసి మధ్య ధర తీసుకోండి. బ్రిటన్‌లో బొమ్మల వేలానికి వెక్టిస్ అనే సంస్థ ప్రసిద్ధం, అక్కడి పాత వేలం ఫలితాలూ పనికొస్తాయి. అసలు మంచి మోడల్ ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే పుణెలోని జోషీ మినియేచర్ రైల్వేస్ మ్యూజియం ఉంది.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు సెట్ 60,000 రూపాయలకు పోతుందనుకుందాం. కమీషన్, ప్యాకింగ్, కొరియర్ కలిపి 12,000 పోతే చేతికి వచ్చేది 48,000. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసియ్యత్ ముందే తీరిపోయాయి, వారసులు తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు అనుకుంటే తల్లికి ఎనిమిదో వంతు 6,000, కొడుక్కి 28,000, కూతురికి 14,000. కొడుకు జ్ఞాపకంగా తానే ఉంచుకుంటానంటే ఉంచుకోవచ్చు, కానీ అమ్మీకి, ఆపాకు వాళ్ల డబ్బు ఇవ్వాలి. అప్పుడు లెక్క 48,000 మీదా, 60,000 మీదా అన్నది పెట్టె విప్పకముందే మాట్లాడుకోవాలి. "బొమ్మలే కదా" అని ఆపా వాటా మర్చిపోయే ఇళ్లు తక్కువేం లేవు. అబ్బాజాన్ బతికుండగానే "ఇది నీకే" అని ఒకరి చేతికి పూర్తిగా అప్పగించి, వాళ్లు తీసుకుని ఉంటే అది హిబా, పంపకంలోకి రాదు. నోటిమాటగా అని అల్మారాలోనే ఉంచేసి ఉంటే మాత్రం గొడవ వస్తుంది, ముఫ్తీ సాబ్‌ను అడగడం మంచిది.

ఇంట్లో సొంతానికి ఉంచుకున్న సెట్ మీద జకాత్ లేదు. అమ్మాక వచ్చిన డబ్బు మాత్రం మిగతా నగదుతో కలిపి లెక్కలోకి వస్తుంది. పెద్ద మొత్తం వస్తే పన్ను విషయం సీఏతో ఒకసారి మాట్లాడండి.

విదేశంలో అమ్మాలనుకుంటే ఇంకొక సంగతి. చారిత్రక ప్రాముఖ్యం ఉండి వందేళ్లు దాటిన వస్తువును 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. హార్న్‌బీ తొలి రైళ్లకు ఇప్పటికే వందేళ్లు నిండాయి. అంత పాతది చేతిలో ఉంటే కొరియర్ బుక్ చేయడానికి ముందే ఆర్కియలాజికల్ సర్వే నుంచి అది పురావస్తువు కాదనే సర్టిఫికెట్ తీసుకోవాలి.