ట్రాఫిక్ కంట్రోల్ రూమ్‌లో నేల కింద ఏముంటుంది?

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. నగరంలోని కెమెరాల దృశ్యాలు అక్కడి పెద్ద తెర మీదికి వస్తాయి.

ఇలాంటి కంట్రోల్ రూమ్ కట్టేటప్పుడు మొదట ఆలోచించాల్సింది అందులో గంటల తరబడి కూర్చునేవాళ్ల కళ్ల గురించి. ఎండ పడితే తెర మీద బొమ్మ వెలిసిపోతుంది. అందుకే తెరకు ఎదురుగా కిటికీ పెట్టరు. సినిమా హాల్లోలా వెనక వరస కాస్త ఎత్తులో ఉంటే, ముందువాళ్ల తలలు అడ్డురావు.

అసలు తమాషా కాళ్ల కింద ఉంది. నేల మీద పొట్టి కాళ్లు నిలిపి, వాటిపై పలకలు పరుస్తారు. ఒక పలక ఎత్తితే చాలు, కింద కేబుళ్లే కేబుళ్లు! ఏదైనా పాడైతే గచ్చు తవ్వక్కర్లేదు.

సర్వర్లు వేడెక్కుతాయి, రొద చేస్తాయి. వాటికి వేరే ఏసీ గది.

మరి కరెంటు పోతే? జనరేటర్ అందుకునేదాకా యూపీఎస్ బ్యాటరీలే తెరలను వెలిగిస్తాయి.