బాధ వినేవాళ్లకు కూడా ఒక తోడు కావాలి

విద్యార్థులారా, ఇది మీరు కూడా చదవండి, ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి.

2022 ఏప్రిల్‌లో సిరొంచ దగ్గర ప్రాణహిత పుష్కరాలు జరిగాయి. అదే ఏడు జూలైలో ప్రాణహిత, గోదావరి రెండూ పొంగి సిరొంచ తాలూకాలోని ఒడ్డు ఊళ్లను ముంచాయి. జనం ఇండ్లు విడిచి పోవాల్సి వచ్చింది. దిగువన భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకు చేరింది.

ఇలాంటి వరద తీసినాక బియ్యం, దుప్పట్లు, మందులు కావాలి. దాంతోపాటు ఎవరైనా పక్కన కూర్చొని మన గోస వినాలి. కౌన్సెలర్లు ఆ పని చేస్తారు. మన ఊళ్లలో అయితే చాలాసార్లు ముందుగా వినేది ఆశా అక్క, అంగన్‌వాడీ టీచరమ్మ. ఒక్కోసారి వాళ్ల ఇల్లు కూడా మునిగే ఉంటుంది.

రోజూ పది ఇండ్ల దుఃఖం విన్న మనిషికి ఆ బరువు కొంత అంటుకుంటుంది. నిద్ర పట్టదు. చిన్న మాటకే కోపం వస్తుంది. విన్న సంగతులే కళ్ల ముందు తిరుగుతాయి. ‘నేనేం చేయలేకపోయిన’ అనిపిస్తుంది. కొందరికి ఎవరు ఏడ్చినా మనసు కదలకుండా మొద్దుబారుతుంది. దీన్ని చేతగానితనం అనుకోవద్దు. ఎక్కువ రోజులు ఎత్తిన బరువుకు భుజం నొచ్చినట్టే ఇది.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో, సాయం చేసేవాళ్లు తమను తాము ఎలా చూసుకోవాలో కూడా చెప్పారు. ఒంటరిగా కాకుండా జతగా పోవాలి. వేళకు తినాలి, నిద్రపోవాలి. పని అయినాక తోటివాళ్లతో మనసు విప్పి మాట్లాడుకోవాలి. అందరి కష్టం ఒక్కరే తీర్చలేరని గుర్తుంచుకోవాలి.

మీ అమ్మ, అక్క ఇలాంటి పనిలో ఉంటే, ఇంటికి రాగానే ‘ఎవరింట్ల ఏమైంది?’ అని అడగకండి. ఆ మాటలు ఇంకొకరి గుట్టు. ‘నీకెట్లుంది?’ అని అడగండి. నీళ్లు తెచ్చిపెట్టడం, అన్నం వండడం ఆ రోజు మీరు చూసుకోండి.

రెండు వారాలైనా ఆమె తేరుకోకపోతే డాక్టరుకు చూపించండి. లేదా టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో, మరాఠీలో మాట్లాడవచ్చు. ఈ నంబర్ బాధితులకే కాదు, సాయం చేసేవాళ్లకు కూడా పనికొస్తుంది. వానలు ముదరకముందే ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి.